లాప్‌టాప్ నొసట బొట్టు

చిటికెడు కుంకుమతో కోడలి ఉద్యోగాన్ని దాదాపు మింగేసిన అత్తను నేను. నవ్వండి, ఏమీ అనుకోను. కాకపోతే కొంచెం ఆగి నవ్వండి, అసలుది ముందుంది.

నేను అక్షరాలు దిద్దింది యాభై దాటాక. దిద్దించింది మా కోడలు స్వప్న. అందుకే పిల్లలు బడికి పోయాక ఆమె జావా అనే కంప్యూటర్ భాష నేర్చుకుంటుంటే, నేను పక్కనే కూర్చొని బియ్యం ఏరేదాన్ని. సర్వ్‌లెట్ అంటే ఎవరైనా అడగగానే పేజీ వండి వడ్డించేదట. టామ్‌క్యాట్ అనే సర్వర్ దానికి పొయ్యి. ఆ పొయ్యి రాజేయడానికే వారం పట్టింది. జావా ఎక్కిస్తే దారి దొరకలేదంది, దారి చూపిస్తే పోర్టు అనే గుమ్మం ఖాళీ లేదంది. మా ఇంట్లో తొలి కాన్పుకు కూడా అంత ఎదురుచూపు లేదు. చివరికి పేజీ వచ్చింది.

"అత్తమ్మా, గీ నల్ల విండో మాత్రం మూయకు. సర్వర్ అండ్లనే ఉంది, అది నడుస్తెనే పేజీ వస్తది. రేపు ఇంటర్వ్యూ."

"నేనెందుకు ముడ్తనే?"

పిల్లలు పుట్టాక ఆమెకు వచ్చిన మొదటి పిలుపు అది. పిలిచినవాళ్ళు ఎక్కడో దూరాన ఉన్నారు, వాళ్ళకు పనిరోజు. మాకేమో ఆయుధ పూజ. ఇల్లు అలకగానే పండుగ కాదంటారు. పండుగ చేయగానే ఉద్యోగం కూడా రాదని నాకప్పుడు తెలియదు.

మా ఇంట్లో పూజ వేళ ఏ పనిముట్టూ కదలకూడదు. తిరుగుతున్న మోటారుకు ఎవరైనా బొట్టు పెడతారా? స్వప్న పిల్లలకు జడలు వేస్తుంటే నల్ల విండో మూలనున్న గుర్తు నొక్కాను. పూజ కాగానే మళ్ళీ తెరుద్దామనుకున్నాను. తెరవడం రాదన్న సంగతి మూశాక గుర్తొచ్చింది. సరే, లాప్‌టాప్ తెరకు పైన నడిమధ్యలో, సరిగ్గా నొసలు ఉండాల్సిన చోట చిన్న చుక్క కనిపిస్తే, దాని మీదే నిండుగా కుంకుమ పెట్టాను.

ఇంటర్వ్యూ వేళకు స్వప్న పరుగున వచ్చి కూర్చుంది. స్కూటర్‌కూ మిక్సీకీ ఫ్రిజ్‌కూ బొట్లున్న ఇంట్లో ఇంకో బొట్టు ఎవరి కంట పడుతుంది?

"స్వప్నగారూ, మీరు కనిపించడం లేదు. అంతా ఎర్రగా ఉంది," అన్నాడు లాప్‌టాప్ లోపలి సారు.

"కెమెరా ఖరాబైనట్టుంది సార్."

"సరే, పేజీ చూపించండి."

పేజీ రాలేదు. "నిన్న మంచిగనే వచ్చింది సార్," అంటూ స్వప్న మళ్ళీ మళ్ళీ నొక్కింది. గుమ్మంలో ఉన్న నేను ఇక ఆగలేకపోయాను.

"స్వప్నా, ఆ నల్లది నేనే మూసిన."

"ఎందుకు మూసినవ్ అత్తమ్మా?"

"ఇయ్యాల పూజ గదనే. నడిచేదానికి బొట్టెట్ల పెడ్తరు?"

"బొట్టా? యాడ పెట్టినవ్?"

"నొసటి మీద. ఇంకేడ పెడ్తరు?"

లాప్‌టాప్ నవ్వింది. అంటే, లోపలి సారు. స్వప్న కొంగుతో తుడిచి, సర్వర్ మళ్ళీ నడిపించింది. పేజీ వచ్చింది.

"ఇందాక ఎందుకు రాలేదో చెప్పండి," అన్నాడు సారు.

"సర్వ్‌లెట్ మంచిగనే ఉంది సార్. దాన్ని నడిపే సర్వర్‌ను మా అత్తమ్మ పండుక్కు సెలవు మీద పంపింది."

ఉద్యోగం వచ్చింది. ఆ ఆఫీసులో ఇప్పటికీ సర్వర్ ఆగితే, "అత్తమ్మ వచ్చిందా?" అని అడుగుతారట.

అందుకే దీపం ముందు ఒట్టు పెట్టుకున్నాను. నల్ల విండో జోలికి పోను, లాప్‌టాప్ నొసట కుంకుమ పెట్టను. మొన్నటి పూజకు మాట తప్పలేదు, అడుగున పెట్టాను. అది గాలి పీల్చుకునేది అక్కడినుంచేనని స్వప్న ఇప్పుడే వచ్చి చెప్పింది.