ముడత కాయను తాలు అనకూడదన్న మాస్టారు

మస్తాన్‌వలి మాస్టారు ఇక లేరన్న వార్తను మార్టూరు టీకొట్టు దగ్గర అందరికంటే ముందు చెప్పవలసిన దౌర్భాగ్యం నాకే పట్టింది. ఆసుపత్రి నుంచి వాళ్ళమ్మాయి షాహీన్ ఫోన్ చేసేసరికి, మా తాత పులికి మిరపకాయ బజ్జీ తినిపించిన వైనాన్ని సవిస్తరంగా వర్ణిస్తున్నాను. ఫోన్ పెట్టేసి సంగతి చెప్పాను. ఎవరూ నమ్మలేదు. "తాలు ఏరి చెప్పరా," అన్నాడు రాళ్ళ పాలిషింగ్ యూనిట్ వెంకటేశ్వర్లు నవ్వుతూ. తర్వాత నా ముఖం చూసి గ్లాసు కింద పెట్టాడు.

ఆ మాట మాస్టారిదే. కల్లంలో ఎర్రటి మిరపకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలను ఏరేసినట్టు, నా కథల్లోంచి అబద్ధాలను ఏరేసి చెప్పమనేవారు. గుంటూరు కళాశాలలో దశాబ్దాలపాటు రాజనీతిశాస్త్రం బోధించి, విశ్రాంతికాలంలో మా ఊరి పఠన మందిరంలో ప్రతి ఆదివారం ప్రపంచ వ్యవహారాలపై గోష్ఠి నడిపిన ఆ విద్వన్మూర్తికి నేను పూర్వ విద్యార్థిని. "నీ అబద్ధం పరుగులు తీస్తదిరా, నిజానికే మోకాళ్ళ నొప్పులు," అని నిట్టూర్చేవారు.

ఒకనాడు ఏదో దేశంలో బజారులో బాంబు పేలి జనం చనిపోయారని వార్త వచ్చింది. టీకొట్టు అట్టుడికిపోయింది.

"పెద్ద దేశాలన్నీ సైన్యాన్ని దించి ఆ దేశాన్ని నేలమట్టం చేస్తే పీడ పోద్ది మాస్టారూ," అన్నాడు వెంకటేశ్వర్లు. అన్నాక ఆయన తెల్లగడ్డం వైపు చూసి కాస్త నసిగాడు.

మాస్టారు శాంతంగా అడిగారు. "ఏరా, నువ్వు బ్యాడిగి మిరప వేసిన ఏడు ఏమైంది?"

"ఇప్పుడదెందుకులెండి."

"చెప్పు."

"వానొస్తందని బయటి కూలీలను దించా. సాయంత్రానికల్లా కల్లం శుభ్రం చేశారు. ముడత కాయలన్నీ తాలనుకుని పారబోశారు."

అందరం గొల్లుమన్నాం. బ్యాడిగి కాయ పుట్టుకే ముడత. ఆ ముడతను చూసే దానికి ధర.

"తప్పు కూలీలది కాదు, ఏది కాయో ఏది తాలో చూపించకుండా దించినవాడిది," అన్నారు మాస్టారు. "పరాయి సైన్యం సంగతీ అంతే. ఊరు తెలియదు, భాష తెలియదు. గడ్డం చూసి తాలనుకుంటారు. అయితే పోలిక ఇక్కడితో ఆపాలి. పారబోసిన కాయకి తమ్ముడుండడు, పగ ఉండదు. పాపం తెలియని ఇంటిమీద బాంబు పడితే, చచ్చినోడికి తమ్ముడు మిగులుతాడు, ఆ తమ్ముడికి పగ మిగులుతుంది. వాణ్ణి తనలో కలుపుకోడానికి ఉగ్రవాది వీధి చివర కాచుకుని ఉంటాడు."

"అంటే ఉగ్రవాదులందర్నీ సైన్యాలే తయారుచేశాయన్నమాట. రేపు ఒంగోలు వెళ్ళినప్పుడు అక్కడ అందరికీ చెప్తా," అన్నాను ఉత్సాహంగా.

"తాలు ఏరు. సైన్యం రాకముందే ఉన్నవాళ్ళ సంగతేంటి? కారణం చెప్పడం వేరు, క్షమించడం వేరు. బజార్లో బాంబు పెట్టినవాడి పాపం వాడిదే. ఇంకోటి విను. కల్లం అంటుకుంటే, పక్కూరోళ్ళు నీళ్ళు తెస్తే వద్దంటామా? బయటి సైన్యం జనాన్ని కాపాడిన చోట్లూ ఉన్నాయి. రమ్మన్నదెవరు, మంట ఆరాక ఊరిని ఎవరి చేతిలో పెట్టి వెళ్తారు? ముందు ఈ రెండూ అడగాలి."

ఏ పక్షానికీ సులభమైన సమాధానం అందించకపోవడం ఆయన శీలం. అందుకే ఇరుపక్షాలవారూ ఆయనమీద అలిగేవారు. "ఉగ్రవాదం గురించి మాట్లాడటం మీ పేరున్నవారికి ఎందుకండీ?" అని హితవు చెప్పినవారికి, "ఈ పేరుంది కాబట్టే," అని బదులిచ్చేవారు.

ఈ ఆదివారం గోష్ఠికి ఆయన నిర్ణయించిన విషయం: పరాయి సైన్యం దిగితే ఉగ్రవాద భయం తగ్గుతుందా, పెరుగుతుందా? ఆసుపత్రి మంచంమీద నన్ను పిలిచి, నువ్వే మాట్లాడాలన్నారు.

"నేనా? నా మాటెవరు నమ్ముతారు మాస్టారూ?"

"నమ్మరు. ప్రతి ముక్కకీ ఆధారం అడుగుతారు. నాక్కావలసింది అదే."

ఖననమయ్యాక పఠన మందిరం కార్యదర్శి నన్ను పక్కకు పిలిచాడు. "సంతాపసభతో సరిపెడదామండీ. ఆ గొడవ విషయం ఇప్పుడెందుకు?" వెనకే ఉన్న షాహీన్ విన్నది. కళ్ళు తుడుచుకుని, "నాన్న విషయం మార్చలేదండీ. మీరూ మార్చొద్దు," అన్నది. కార్యదర్శి సరేనన్నాడు.

అంతటి జ్ఞాననిధి, అంతటి నిష్పక్షపాతి మా ప్రాంతానికి మళ్ళీ దొరకడం దుర్లభం. ఆ లోటు పూడ్చే శక్తి నాకు లేదు. గోష్ఠి మాత్రం ఆగదు. ఆయన వదిలివెళ్ళిన పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. చెప్పదలచుకున్న వాటిలో సగం ఇప్పటికే ఏరి పారేశాను. పులి కథ ఆ రోజు ఉండదు. వెంకటేశ్వర్లు ముందు వరసలో కూర్చుంటాడట, తాలు ఏరమని అరవడానికి. అరవమన్నాను. గొంతు అతనిదైనా, మాట మాస్టారిది.