యేసుదాసు బాబాయి చేసిన గుంత

తడి పుట్టీ వాసన తగిలితే ఇప్పటికీ ఒక్క క్షణం నా చెయ్యి ఆగిపోతుంది. నందిగామలో మా ఇంటి వరండాలో కూర్చుని నేను యుద్ధభూములు చేస్తుంటాను. నవ్వకండి, నా బతుకుతెరువే అది. పెద్ద బల్ల మీద వేలెడంత సైనికులను నిలబెట్టి, పాచికలు వేసి యుద్ధాలాడే పెద్దమనుషులు నగరాల్లో ఉన్నారు. వాళ్ల బల్లల మీదికి బాంబులు పడ్డ గుంతలు కావాలి. థర్మాకోల్ కోసి, పుట్టీ పూసి, ఇసుక చల్లి, రంగు వేసి పంపుతాను. ఈ పనిలో నా గురువు యేసుదాసు బాబాయి.

అప్పట్లో మేం జగ్గయ్యపేటలో ఉండేవాళ్లం, అక్కడ మా పక్కింటాయన. సున్నపురాయి క్వారీలో బండకు రంధ్రాలు వేసి, మందు కూరి పేల్చేవాడు. నేనెరిగేనాటికే ఆ పని మానేశాడు. మొదట్లో నేను ఆన్‌లైన్‌లో ఒక గుంత కొని, అచ్చు అలాంటివే నాలుగు చేసి గొప్పగా ఆయన ముందు పెట్టాను.

"ఇది గుంత కాదమ్మాయ్, గిన్నె. పప్పు పోసుకోవచ్చు."

"కొన్నది కూడా ఇలాగే ఉంది గదా బాబాయ్!"

"వాళ్లేమన్నా చూశారా పెట్టారా? లోపలున్న మట్టంతా ఏమైంది? ఎగిరి ఎక్కడో పడాలి గదా. అన్ని పక్కలా సమానంగా పడదు."

ఉక్రోషం వచ్చింది. అయినా ఆయన చెప్పినట్టే అంచు ఒక పక్క పడగొట్టి, దూరంగా రాళ్లు జల్లితే గుంతకు జీవం వచ్చింది. అప్పటినుంచి రోజూ సాయంత్రం వచ్చి కూర్చునేవాడు. మాటలు తక్కువ, తప్పులు పట్టడం ఎక్కువ.

ఒక వేసవిలో తనే ఒకటి మొదలుపెట్టాడు. తెల్లటి రాయి, ఒక వైపు మెట్టు, మెట్టు కింద చీలిక. నెలరోజులు నన్ను ముట్టుకోనివ్వలేదు. ఆరాక నా అరలోనే పెట్టి వెళ్లాడు. అమ్మడానికే అనుకున్నాను. అడగాలన్న బుద్ధి పుట్టలేదు. ఫోటో పెట్టిన పూటే బెంగళూరాయన ఒకరు కొంటే, సంబరంగా కొరియర్‌లో వేశాను. మర్నాడు బాబాయి వచ్చి అరకేసి చూశాడు.

"ఏదమ్మా?"

"మంచి బేరం తగిలింది బాబాయ్, పంపేశా."

కుర్చీలో కూలబడ్డాడు.

"ఆ రోజు క్వారీలో ఎనిమిది రంధ్రాల్లో మందు పెట్టాం. ఎన్ని పెడితే అన్ని మోతలు లెక్కెట్టుకున్నాకే మనిషి కిందికి దిగాలి. ఎనిమిది విన్నా, మా తమ్ముణ్ణి దిగమన్నా. అందులో ఒకటి కొండకి తగిలి తిరిగొచ్చిన మోతమ్మా. ఎనిమిదోది వాడు దిగాక పేలింది. ఆ గుంతే అది."

వెంటనే బెంగళూరుకు ఫోన్ కలిపాను. పార్శిల్ చేరిన రెండ్రోజులకు గానీ ఆయన దొరకలేదు; తిరిగి ఇమ్మని బతిమాలాను. "అయ్యో, బోర్డుకి అతికించేశానండీ. చాలా బాగా కుదిరింది. ఆట మొదలవగానే నా సైనికులందర్నీ ముందు అందులోకే దింపుతున్నా" అన్నాడాయన, మెచ్చుకోలుగా.

ఆ సాయంత్రం, గుంత తిరిగి రాదని చెబితే బాబాయి కోపగించుకోలేదు. ఒక్కటే అడిగాడు.

"అందులోకి మనుషుల్ని దింపుతారా అమ్మాయ్?"

"లేదు బాబాయ్. ఊరికే చూడ్డానికి పెట్టుకుంటారు."

తల ఊపాడు. ఆ వానాకాలం దాటకుండానే పోయాడు. గుంత పోగొట్టినందుకు ఆయన నన్ను క్షమించాడు, అది నాకు తెలుసు. ఆ అబద్ధం మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఆయన లేచొచ్చి మళ్లీ అడిగినా, అదే చెబుతాను.