బొటనవేలితో గీసిన గూడు

ఆ రోజు మూడో తరగతి పిల్లలకు బోర్డు మీద ఎక్కాలు రాస్తున్నాను. చేతిలోంచి సుద్దముక్క జారింది. వంగి తీసుకుంటే మళ్ళీ జారింది. పొద్దున్నుంచీ అరికాళ్ళ కింద దూది పరిచినట్టుంది. అంతకు ముందు వారం విరేచనాలతో నీరసపడ్డాను, ఇదీ దాని బాపతే అనుకున్నాను. సాయంత్రం ఆదోనిలో మా ఇంటి మెట్లెక్కబోతే మోకాళ్ళు మడతపడ్డాయి. మా ఆయన ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళారు. తెల్లవారేసరికి తిమ్మిరి తొడలదాకా వచ్చింది.

కర్నూలులో ఆసుపత్రిలో చేర్చారు. నరాల పనితీరు చూసే నర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు. వెన్నులోంచి నీరు తీశారు. న్యూరాలజిస్ట్ మంచం పక్కన నిలబడి నెమ్మదిగా చెప్పారు.

"దీన్ని జీబీఎస్ అంటారమ్మా. మీ ఒంట్లో రోగాలతో పోరాడే శక్తే పొరపాటున నరాల మీద పడింది. ఈ తిమ్మిరి ఇంకొంచెం పైకి పోవచ్చు. తర్వాత ఆగుతుంది. దిగేదానికి మాత్రం చానా టైమ్ పడుతుంది."

దానికిచ్చే ఐవీఐజీ మందు నరంలోకి ఎక్కిస్తుండగానే ఊపిరి బరువెక్కింది. వెంటిలేటర్ పెట్టారు. ఆ రోజులన్నీ కలిసి ఒకే పొడవాటి మధ్యాహ్నంలా గుర్తున్నాయి. మాట లేదు, వేలు కదలదు. మెషిన్ల హోరు కాలువ పారుతున్నట్టు వినిపించేది. ఆ నీళ్ళ మీద నన్ను పడుకోబెట్టి ఎవరో మెల్లగా తీసుకుపోతున్నట్టుండేది. భయం కూడా నాలో కాక, ఎక్కడో గట్టు మీద నిలబడినట్టుండేది.

మెల్లగా ఊపిరి నిలదొక్కుకుంది, వెంటిలేటర్ తీశారు. డిశ్చార్జ్ అయ్యాక ఎమ్మిగనూరులో మా శారదక్క ఇంటికి చేరాను. ఆ ఇంటికి మెట్లు లేవు. ఫిజియోథెరపిస్ట్ రోజూ వచ్చేవారు. ఒకనాడు ఎవరినీ పిలవకుండా గోడ పట్టుకుని నడవబోయి పడ్డాను. ఎముక విరగలేదు, పట్టుదల విరిగింది. వ్యాయామం మానేసి అటు తిరిగి పడుకునేదాన్ని.

"నరం పెరుగుతాంది మేడమ్. మీరు చెయ్యి వాడకుంటే ఎట్ల?" అనేవారు ఫిజియోథెరపిస్ట్. వినేదాన్ని కాదు.

అక్క వాళ్ళది నేతగాళ్ళ వీధి. పక్కింటి ఈరమ్మ మగ్గం నేస్తుంది. ఆదివారాలు ఆమె, వీధిలోవాళ్ళు కలిసి మూతపడిన గోడౌన్ గోడ మీద బొమ్మలు వేస్తున్నారు. నల్లమట్టి, ఎర్రమట్టి, సున్నం, ఇవే రంగులు. చుట్టుపక్కల బతికేవాటినే, అదీ వెళ్ళి చూసొచ్చాకే వెయ్యాలని వాళ్ళ నియమం.

ఒక ఆదివారం ఈరమ్మ నేరుగా నా మంచం దగ్గరికొచ్చింది.

"లెయ్‌మ్మా. గోడకాడ మనుషులు తక్కువైనారు."

"బ్రష్ పట్టుకునేదానికి వేళ్ళు రావక్కా."

"అరసెయ్యి ఉండాది గదా. మట్టి కలుపు. కూకోని సేసే పనే."

కాదనేలోపే శారదక్క చక్రాల కుర్చీ తెచ్చింది.

తొట్టిలో నల్లమట్టి నానుతోంది. రెండు చేతులూ అందులో పెట్టాను. కాసేపు ఏమీ తెలియలేదు. తర్వాత ఎక్కడో లోతు నుంచి వచ్చినట్టు చల్లదనం తెలిసింది.

"సల్లగుండాది" అన్నాను. శారదక్క ముఖం పక్కకు తిప్పుకుంది. మిగతావాళ్ళు తమ పనిలో ఉన్నారు.

వానలు మొదలైనాక అందరం ఆటోల్లో ఊరిబయట బావి దగ్గరికి వెళ్ళాం. తుమ్మకొమ్మలకు గిజిగాడి గూళ్ళు వేలాడుతున్నాయి. పసుపుపచ్చ పిట్టలు గడ్డిపోచలు తెచ్చి అల్లుతున్నాయి. బావి నీళ్ళలో గూళ్ళ నీడలు ఊగుతుంటే పైనేదో కిందేదో తెలియలేదు. ఈరమ్మ గొంతు తగ్గించి, "పోగు తప్పకుండా నేస్తాండాది సూడు" అంది, తోటి నేతగాడి గురించి చెప్పినట్టే. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. ఆ సేపంతా నాకు జబ్బు గుర్తురాలేదు.

నా వంతు గూడు వెయ్యడం. బ్రష్ పట్టలేను గనక బొటనవేలు మట్టిలో ముంచి పోచ తర్వాత పోచ అద్దేదాన్ని. చాలా ఆదివారాలు పట్టింది. గూడు వంకరగా వచ్చింది.

"గాలికి ఊగుతాంది, అంతే" అంది ఈరమ్మ.

అది పూర్తయిన వారమే పెద్ద వాన. గోడ మీది బొమ్మల్లో సగం కరిగి వీధి కాలువలో ఎర్రగా పారిపోయాయి. నా గూడు కూడా అందులో కలిసిపోవడం గడపలో కూర్చుని చూశాను. ఈరమ్మ మాత్రం తట్ట వెతుక్కుంటోంది.

"మట్టి మళ్ల తెద్దాం పద. ఈసారి జిగురు ఎక్కువ ఎయ్యల్ల."

రెండోసారి గూడు ఇంకా ఎత్తున, పై కొమ్మ నుంచి మొదలుపెట్టాలి. కూర్చుంటే అందదు. ఆమె భుజం పట్టుకుని లేచాను. కాళ్ళు వణికాయి గానీ మడతపడలేదు. ఒక్క పోచ అద్ది కూర్చున్నాను. ఇంకోసారి లేచాను.

ఇప్పుడు మళ్ళీ బడికి వెళ్తున్నాను. ఎడమ పాదం ఇంకా ఈడుస్తుంది, దానికి ఊతంగా స్ప్లింట్ వేసుకుంటాను. తొందరగా అలసిపోతాను. నా నరాలను మట్టి బాగుచెయ్యలేదు. మందులు, వ్యాయామం, కాలం ఆ పని చేశాయి. మంచం దిగాలన్న కోరిక మాత్రం ఆ గోడ దగ్గరే పుట్టింది. ఇప్పటికీ ఆదివారం బస్సెక్కి ఎమ్మిగనూరు పోతాను. దారిలో కరెంటు తీగ మీద కనిపించే పిట్టల్లో కొన్నింటి పేర్లు తెలుసు. పేరు తెలియనివి కూడా మా వీధివాళ్ళలాగే అనిపిస్తాయి.

నాలాంటివాళ్ళకు ఒక్క మాట. నలుగురు కలిసి ఏదైనా చేస్తూ మిమ్మల్ని పిలిస్తే, పూర్తిగా నయమయ్యాక పోదామని ఆగకండి. ఎలా ఉన్నవాళ్ళు అలాగే వెళ్ళండి. వెళ్ళగానే కుర్చీ అడగండి, దాంతోపాటు ఏదో ఒక పనీ అడగండి.