అమ్మమ్మ నొక్కని బొత్తం

మా అమ్మమ్మ ఎవరి మాటకూ మధ్యలో అడ్డురాదు. మనుషుల మాటకే కాదు, ఫోన్లో వచ్చే ప్రకటనలకు కూడా. పళ్లపొడి ప్రకటనైనా తలూపుతూ చివరిదాకా వింటుంది.

"స్కిప్ అని కనిపిస్తోందిగా, నొక్కు అమ్మమ్మా!"

"తప్పే. పాపం ఆ పిల్ల అంత ముస్తాబై వస్తే నోరు నొక్కేయమంటావా?"

ఒకసారి, అప్పు ఇస్తామని ఫోన్ చేసిన అమ్మాయి నలభై నిమిషాలు మాట్లాడింది. అమ్మమ్మ అప్పయితే తీసుకోలేదు గానీ, ఆ అమ్మాయికి దగ్గు ఎప్పటినుంచో కనుక్కుంది.

నేను పదో తరగతి గట్టెక్కలేదు. గట్టెక్కింది వీడియో గేముల్లోనే. ఐదుగురం అమ్మాయిలం ఒక జట్టుగా మా ముందుగదిలోనే ఆడతాం. మా పోటీలను వేలమంది ఫోన్లలో చూస్తారు. మాకు జీతాలిచ్చేది ఒక కుర్చీల కంపెనీ. ఆట మధ్యలో వాళ్ల ప్రకటన వస్తుంది. ఐదో సెకనుకల్లా జనమంతా స్కిప్ నొక్కేస్తారు, అమ్మమ్మ తప్ప.

ఒకరోజు ఆ కంపెనీ మేనేజరు వచ్చాడు. "మూడు నెలల్లో కుర్చీ కావాలని ఒక్క ఫోనూ రాలేదు. వచ్చే నెల నుంచి జట్టు ఉండదు" అన్నాడు. నాకు కొట్లో పొట్లాలు కట్టే పాత ఉద్యోగం కళ్లముందు మెదిలింది. అతను మార్కెట్ గురించి అరగంట దంచాడు. అమ్మమ్మ తలూపుతూ విన్నది.

"అయిందా నాయనా? మీ ప్రకటన చివర్లో ఫోన్ నంబరు వేశారే, అందులో ఒక అంకె తక్కువుంది."

"అబ్బే, అలా ఉండదండీ."

"మూడుసార్లు చేశాను, మెచ్చుకుందామని. కలిస్తే కదా! కూర్చుని చూడు."

"నాకు టైం లేదమ్మా."

అమ్మమ్మ వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "చూశాకే కదులు."

అతను తన ప్రకటన తానే చివరిదాకా చూడడం అదే మొదటిసారట! మొహం కుర్చీ రంగుకి, అంటే ఎర్రగా, మారింది. నంబరు సరిచేసి, ప్రకటన మొదట్లోనే కనిపించేలా వేశారు. రెండు వారాల్లో ఫోన్లు మోగాయి, జట్టు నిలిచింది. అమ్మమ్మకు ఓ కుర్చీ కూడా పంపారు.

అందులో కూర్చున్న అమ్మమ్మను అడిగాను: "ఆ ప్రకటన అన్నిసార్లు చూశావు, విసుగు రాలేదూ?"

"ఎందుకు రాదే! ఆ ప్రకటనలో అబ్బాయి గొంతు వింటేనే ఒళ్లు మండుతుంది. కానీ ఎవరో ఒకరు వింటేనే కదా మీ ఐదుగురికీ జీతాలు!"

తర్వాత నడుం పట్టుకుని లేస్తూ, గొంతు తగ్గించింది.

"కుర్చీ కూడా ఏం బాలేదే. వాళ్లతో అనకు."