ఒకే ఇంటిపేరు

ఆ శుక్రవారం సాయంత్రంలోగా నేనొక మాట చెప్పాలి. కడపలో మా అమ్మాయి ఒక అబ్బాయినే చేసుకుంటానని మొండికేసింది. కుర్రాడు బంగారం, కులమూ మాదే. చిక్కల్లా ఇంటిపేరు కూడా మాదే కావడం. అంటే వరసకు అన్నాచెల్లెళ్లు. మా ఆయన అన్నగారు, అంటే మా బావగారు, పెద్దమనుషులను పిలిపించారు. నేను వద్దంటే పిల్ల ఆగిపోతుందని అందరి నమ్మకం. వద్దనాలనే నేనూ అనుకున్నాను.

గల్ఫ్‌లో, ఖురం అనే పేటలో నేను పనిచేసే ఇల్లు ఇంగ్లీషువాళ్లది. ఆ మధ్యాహ్నం వాళ్లబ్బాయి తను చేసుకోబోయే అమ్మాయిని భోజనానికి తీసుకొచ్చాడు. నేను వడ్డిస్తుంటే మేడమ్ నవ్వుతూ, తమలాగే ఈ పిల్ల ఇంటిపేరూ వాకరే, పెళ్లయ్యాక మార్చుకునే పనే లేదు అంది. నా చేతిలో గరిటె ఆగిపోయింది.

"మేడమ్, సేమ్ ఫ్యామిలీ?" అనేశాను.

పనిమనిషి అడగాల్సిన మాట కాదు. బల్ల దగ్గర అందరూ నావైపే చూశారు. ఉద్యోగానికి నీళ్లు వదులుకున్నట్టే అనుకున్నాను.

ఆ పిల్ల మాత్రం తినడం ఆపి ఓపిగ్గా చెప్పింది. పూర్వం వాళ్ల దేశంలో ఉన్నిగుడ్డ నేశాక నీళ్లలో నానబెట్టి, దళసరి అయ్యేదాకా కాళ్లతో తొక్కేవారట. ఆ పని చేసేవాణ్ణి వాకర్ అనేవారట. ఊరూరా గుడ్డ తొక్కేవాడు ఒకడుండేవాడు. తర్వాత పని పోయినా పేరు మాత్రం పిల్లలకూ మనవలకూ అతుక్కుపోయింది. ఈ ఊరి వాకర్‌కూ ఆ ఊరి వాకర్‌కూ చుట్టరికం ఉండాలనేమీ లేదు.

వంటింట్లోకి వచ్చి సింకు పట్టుకుని నిలబడ్డాను. మా ఇంటిపేరు ఒక ఊరి పేరు. బతకలేక ఆ ఊరు వదిలిపోయిన వాళ్లందరినీ ఎక్కడికెళ్లినా ఆ పేరుతోనే పిలిచి ఉంటారు. వాళ్లంతా ఒక్క తల్లి పిల్లలేనా? గోత్రం అడిగితే మావాళ్లకూ తెలియదు, అబ్బాయి వాళ్లకూ తెలియదు. ఎవరికీ తెలియని దానికోసం నా బిడ్డ గొంతు కోయాలా అని ఒళ్లు మండిపోయింది.

అంతలో మా ఆయన ఫోన్ చేశాడు. "ఏమ్మే, అందరూ వొచ్చి కూచ్చోనుండారు. ఏం జెప్పమంటావ్?"

"పెండ్లి జేస్తామని జెప్పు," అన్నాను.

బావగారు ఫోను లాక్కున్నారు. "మా ఇంటిపేరు సంగతి చెప్పేదానికి నువ్వెవురమ్మా? బయటినుంచి వొచ్చినదానివి."

"ఆ పేరు పెట్టుకొనే ఇన్నేండ్లు ఈడ అంట్లు తోముతాండా బావా. బిడ్డను కనింది నేను. నేను ఒప్పుకుంటాండా."

అవతల మా అమ్మాయి వెక్కివెక్కి ఏడవడం వినిపించింది. "ఏడవద్దు, నేను వొస్తాండా," అన్నాను. అప్పటికే ఫోను పెట్టేశారు.