అందరి నోటా ఒక ‘ఆపు’

మాకు కాలేజీలో సినిమా తీయడం నేర్పిన మేడం ఇక లేరు. ఆదివారం పొద్దున బోధన్ నుంచి నా జూనియర్ సరిత ఫోన్ చేసింది. "అక్కా, మేడం పోయిండ్రు" అంది. నిజామాబాద్ సమాధుల తోటలో మట్టి వేసి వచ్చాక కూడా నాకు నమ్మబుద్ధి కాలేదు. ఎవరికీ ఏమీ కాకుండా చూసుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషి, తన జ్వరాన్ని మాత్రం పట్టించుకోలేదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

మేడం చేతిసంచిలో ఎప్పుడూ దూది, కట్టు గుడ్డ, ఉప్పూ చక్కెరా పొట్లాలు ఉండేవి. ఎంత గొప్ప సీన్ నడుస్తున్నా సరే, ఎండలో నిలబడ్డవాళ్లు కనబడితే "నీళ్లు తాగినవా?" అని అడగాల్సిందే. చాటుగా మేము ఆమెను డాక్టరమ్మ అనేవాళ్లం. మమ్మల్ని బాగా విసిగించిన అలవాటు ఇంకొకటుంది. షూటింగ్ మొదలయ్యే ముందు ప్రతి ఒక్కరూ, చాయ్ తెచ్చే అన్నతో సహా, ఒకసారి గట్టిగా ‘ఆపు’ అనాలి. ప్రమాదం కనబడితే ఎవరైనా షూటింగ్ ఆపొచ్చని, అందుకు నోరు ముందే అలవాటు పడాలని ఆమె పట్టు.

కాలేజీ సినిమా అంటే మీకు తెలిసిందే, తొందరెక్కువ, బుద్ధి తక్కువ. చందూర్ దగ్గర చెరుకు తోటలో తీసిన మా సినిమాకు నేను డైరెక్టర్‌ని, సరిత హీరోయిన్. కూతుర్ని సినిమాకు పంపనని దర్జీ పని చేసే సరిత బాపు ససేమిరా అంటే మేడమే ఇంటికెళ్లి, "ఎట్ల తోల్కపోతున్ననో గట్లనే తెచ్చి అప్పజెప్త అన్నా" అని మాటిచ్చారు. షూటింగ్ రోజు పొద్దున ‘ఆపు’ అనే వంతు సరితకు వస్తే, పిల్ల గొంతు పక్కవాళ్లకు కూడా వినబడలేదు.

"గట్లంటే చీమ గూడ ఆగదు బిడ్డా. గా ట్రాక్టర్ అన్నకు ఇనవడాలె," అన్నారు మేడం.

వెలుగు పోతోందని నేను పళ్లు నూరుతుంటే, ఆమె మళ్లీ మళ్లీ అనిపించారు. చివరికి సరితకు రోషం వచ్చి అరిచింది. చెరుకు కొట్టేవాళ్లంతా నవ్వారు.

సరిత చెరుకు గడ నములుతూ బాట మీద నడిచొస్తుంది, కెమెరామన్ ఆమెను తీస్తూ వెనక్కి నడుస్తాడు. ఇదీ షాట్. కొట్టిన చెరుకు మోళ్లు గుచ్చుకుంటాయని మేడం వెనక నుంచి అతని నడుం పట్టుకుని, తానూ వెనక్కే అడుగులేస్తూ, నేల చూస్తూ నడిపిస్తున్నారు. మేమంతా మానిటర్‌లో తలదూర్చాం. ట్రాక్టర్ల చప్పుడు పొద్దుటి నుంచీ చెవులకు అలవాటైపోయింది. అందుకే చెరుకు నింపిన ట్రాలీ ఒకటి వాళ్ల వెనక రివర్స్‌లో వస్తున్న సంగతి ఎవరమూ గమనించలేదు. ఎత్తుగా పేర్చిన చెరుకు అడ్డమై డ్రైవర్‌కు కూడా వీళ్లు కనబడలేదు. ఎదురుగా నడిచొస్తున్న సరిత ఒక్కతే చూసింది.

"ఆపుండ్రీ!"

ట్రాలీ ఆగింది. దానికీ మేడం వీపుకూ మధ్య ఒక మనిషి పట్టేంత జాగా మిగిలింది. సరిత చేతిలో గడ పారేసి ఏడుపందుకుంది. "షాట్ ఖరాబ్ చేసిన మేడం."

"షాట్ రేపు తీస్కుందం. నన్ను రేపు ఏడికెళ్లి తెస్తవే?" అంటూ మేడం ఆమెను దగ్గరికి తీసుకున్నారు. కాసేపటికి మా అందరి వైపు తిరిగి, "నేను గూడ సూడలే. గందుకే అందరి నోరు గావాలె," అన్నారు. ఆ తర్వాత నేనెప్పుడూ ఆ అలవాటును విసుక్కోలేదు.

సాయంత్రం బోధన్‌లో సరితను ఇంటి దగ్గర దింపి, "నీ బిడ్డను అప్పజెప్తున్న అన్నా. అసలైతే గీమెనే నన్ను పదిలంగ తోల్కొచ్చింది," అన్నారు. కుట్టు మిషన్ ముందు నుంచి లేచిన ఆ పెద్దమనిషి కూతుర్ని కొత్తగా చూశాడు. మళ్లీ ఏ సినిమాకూ వద్దనలేదు.

మేడంను సాగనంపిన మర్నాడే మాక్లూర్‌లో నా షూటింగ్. వాయిదా వేద్దామనుకున్నాను. "మేడం ఉంటే తిడ్తుండె అక్కా," అంటూ సరిత అందరికంటే ముందొచ్చి నిలబడింది. ఒక్కొక్కరం ‘ఆపు’ అన్నాం. నేనన్నది రెండోసారికి గాని వినబడలేదు. చివరి వంతు సరితది. ఊపిరి పీల్చుకుని, మేడం కోరినంత గట్టిగా అరిచింది.

దూరంగా మడి దున్నుతున్న రైతెవరో, మేమెవరమో తెలియకపోయినా, ట్రాక్టర్ ఆపి, లేచి నిలబడి మా వైపు చూశాడు.