జనార్ధనరావు గారి అనుమానం

మత్తు డాక్టరు జనార్ధనరావు గారికి దేన్నీ నమ్మడం చేతకాదు. ఉప్పల్‌లో ఇంటికి తాళం వేసి, సందు చివరిదాకా నడిచి, వెనక్కొచ్చి తాళాన్ని లాగి చూసేవారు. అదీ చాలక ఎదురింటావిడను పిలిచి ఆమె చేత కూడా లాగించేవారు.

నాచారం ఆస్పత్రిలో పదేళ్లుగా ఆయనతో పనిచేస్తున్న నర్సు హిమజకు ఇదంతా అలవాటే. కానీ ఆ బుధవారం ఆమెకూ ఓపిక నశించింది.

పన్నెండేళ్ల సిరికి పుట్టుకతోనే కండరాల జబ్బు. వంకర తిరిగిన వెన్ను ఊపిరితిత్తుల్ని నొక్కేస్తోంది. ఆ రోజు ఆపరేషన్‌లో కడ్డీలు బిగించి దాన్ని నిటారుగా నిలబెట్టాలి. ఇలాంటి పిల్లలకు మత్తు గ్యాసు ప్రాణం మీదికి తేవచ్చు. అందుకని మందంతా నరంలోంచే ఎక్కించాలి.

"మెషీన్‌కున్న గ్యాసు డబ్బాలు తీసేశావా?"

"తీసిన సార్."

"తీసినట్టు చూశావా?"

"సూడకుండ ఎట్ల తీస్త సార్?"

ఆయన వంగి బల్ల కింద కూడా వెతికారు. సిరి కిసుక్కున నవ్వింది. "సార్, నా జేబుల గూడ సూస్తరా?"

జేబే లేని ఆ ఆస్పత్రి గౌనుకేసి ఆయన నిజంగానే చూశారు.

ఆపరేషన్ మొదలైన నాలుగో గంటలో, సర్జన్ పృథ్వీ కడ్డీ బిగిస్తుండగా, కాళ్ల నరాలు పనిచేస్తున్నాయని చూపే తెర మీద ఎడమకాలి గీత చప్పున పడిపోయింది. ఆ గీత లేవకపోతే ఆ కాలు ఇక కదలకపోవచ్చు.

"వైరు ఊడినట్టుంది సార్. పొద్దున గూడ గిట్లనే అయింది," అన్నాడు పృథ్వీ.

హిమజ జనార్ధనరావు వైపు చూసింది. వైర్లను అనుమానించడంలో ఆయన్ను మించినవాళ్లెవరు?

"వైరు సంగతి తర్వాత. ముందు కడ్డీ వదులు చెయ్యి," అన్నారాయన.

"ఒక్కసారి సూసి..."

"వదులు చెయ్యి పృథ్వీ!"

పృథ్వీ వదులు చేశాడు. నరాలకు రక్తం బాగా అందేలా జనార్ధనరావు రక్తపోటు పెంచే మందు ఎక్కించారు. నిమిషం గడిచింది. మూడు గడిచాయి. ఏడో నిమిషంలో గీత వణుకుతూ లేచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ ఒకేసారి ఊపిరి వదిలారు.

మర్నాడు ఊపిరి గొట్టం తీసేశాక సిరి రెండు పాదాలూ ఆడించింది. ఆ మధ్యాహ్నం, డ్యూటీ అయిపోయిన జనార్ధనరావు కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నారు. మల్లాపూర్ కార్ఖానాలో పనిచేసే సిరి వాళ్లమ్మ హరిత, ఆపరేషన్ ముందు రోజు నుంచీ నిలుచున్నట్టే ఉంది.

"అమ్మా, మీ మీద నాకు అనుమానం."

"నేనేం జేసిన సార్?"

"పాపను మీరు సరిగ్గా చూస్తారని నమ్మకం లేదు. పక్కగదిలోకి వెళ్లి పడుకోండి. నేనే చూసుకుంటాను."

ఆమె గొణుక్కుంటూ వెళ్లింది.

హిమజకు కోపమొచ్చింది. "మంచిగనే సూస్తుంది గద సార్ ఆమె! గట్లెందుకన్నరు?"

"నాకంటే బాగా చూస్తోంది," అన్నారాయన గొంతు తగ్గించి. "మూడు రోజులుగా కునుకు లేదు ఆవిడకి. పడుకోమని బతిమాలితే పడుకుంటుందా?"

హిమజ సిరి దుప్పటి సర్దింది. కాసేపయ్యాక ఆయనే అన్నారు.

"నిద్రపోయిందేమో చూసి రా."

హిమజ వెళ్లి చూసొచ్చింది. "గుర్రు పెడుతుంది సార్."

"నిజంగానే?"

విసుక్కోకుండా, హిమజ ఇంకోసారి చూడటానికి వెళ్లింది.